మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో రెండు ద్రవాలు వెంటనే ఎందుకు కలవవు?

మైక్రోఫ్లూయిడిక్ చిప్ అంటే అతి సన్నని కాలువల్లో ద్రవాలను పారించే చిన్న పలక. అలాంటి వెంట్రుక మందం కాలువలో ద్రవం సుళ్లు తిరగదు కాబట్టి, పక్కపక్కన పారే రెండు ద్రవాలు అణువుల వ్యాపనం (వాటంతట అవే కదులుతూ విస్తరించడం) వల్లే మెల్లగా కలుస్తాయి. అంత ఇరుకులో స్నిగ్ధతదే, అంటే ద్రవం పారకుండా అడ్డుకునే గుణానిదే పైచేయి. స్నిగ్ధతతో పోలిస్తే ప్రవాహ జడత్వం ఎంతో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య చాలాసార్లు 1 కూడా దాటదు. గొట్టంలో ప్రవాహం అల్లకల్లోలం కావాలంటే అది సుమారు 2000 దాటాలి.

100 మైక్రోమీటర్ల వెడల్పున్న కాలువలోకి ఎరుపు, నీలం రంగు నీళ్లు వదిలితే మధ్యలో గీత గీసినట్టు రెండు చారలుగా సాగుతాయి. చిన్న అణువు ఆ వెడల్పు దాటడానికి దాదాపు 5 సెకన్లు పడుతుంది. వెడల్పు సగం చేస్తే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది, డిజైన్‌లో అసలు కిటుకు ఇదే.

పంపు వేగం పెంచితే కలిసిపోతాయని చాలామంది అనుకుంటారు. తిన్నని కాలువలో వేగం పెరిగితే కలవడానికి టైమే దొరకదు, చారలు ఇంకా దూరం విడివిడిగానే పోతాయి. అందుకే కాలువ అడుగున ఏటవాలుగా సన్నని గాడులు చెక్కి, ద్రవం మడతలు పడి చారలు సన్నబడేలా, త్వరగా కలిసేలా చేస్తారు.