విరిగిన లేసు సూదిని పారేయకండి, కంసాలికి చూపించండి

లేసు అల్లే సన్న క్రోషే సూదికి కొసన ఉండే కొక్కెం విరిగిందని, దానిని అతికించి వాడుకోవచ్చునా లేక కొత్తది కొనుక్కోవడమే మేలా అని మీరు అడిగారు. యాభై రూపాయల సూదికి ఇంత ఆలోచన ఎందుకని కొత్తది కొనమనేవారే ఎక్కువమంది ఉంటారు. వారిలో చాలామంది సగం అల్లిన దుప్పటినో, బల్లగుడ్డనో ఒళ్ళో పెట్టుకుని మధ్యలో సూది మార్చి చూసినవారు కారని నా గట్టి నమ్మకం.

మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా అమ్మకు లేసు అల్లిక కూలిపని, నాకు మాత్రం హైదరాబాదు వచ్చి ఉద్యోగం నుంచి విరమించుకున్న తరువాత తిరిగి పట్టుకున్న సరదా. అమ్మ వాడిన సూదుల్లో ఒకటి నా దగ్గర మిగిలింది. సుమారు ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు సూది అది, నలభయ్యో నంబరు దారానికి సరిగ్గా సరిపోతుంది. మూడేళ్ళ క్రితం దానితో, వరుసకు ఎనిమిది చొప్పున పన్నెండు వరుసలు, అంటే 96 పువ్వులతో ఒక బల్లగుడ్డ మొదలుపెట్టాను. అరవై ఒకటో పువ్వు పూర్తి చేసి సూదిని సోఫా చేతి మీద పెట్టి లేచాను, మనవడు వచ్చి దాని మీద కూర్చున్నాడు. వాడికి ఏమీ కాలేదు కానీ సూది కొక్కెం సగానికి విరిగిపోయింది.

మరునాడే అదే మందం అని ముద్ర ఉన్న కొత్త సూది కొని అరవై రెండో పువ్వు అల్లాను. పాత పువ్వు నాలుగు అంగుళాలు ఉంటే కొత్తది నాలుగుంపావు వచ్చింది. పావు అంగుళమే కదా అనిపిస్తుంది, కానీ వరుసకు ఎనిమిది పువ్వులు కాబట్టి పువ్వులను ఒకదానితో ఒకటి కలిపే అతుకుపని దగ్గరకు వచ్చేసరికి తేడా రెండు అంగుళాలవుతుంది, గుడ్డ ఒక పక్క అప్పడంలా ఉబ్బుతుంది. ముడి పరిమాణాన్ని నిర్ణయించేది కొక్కెం కాదు, దాని వెనుక దారం చుట్టుకునే కాడ మందం. ఆ మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, కొక్కెంలో దారం పట్టే గాడి లోతు మారినా చేతి బిగువు తెలియకుండానే మారిపోతుంది. సూదుల మీద నంబర్లను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. అమెరికా పద్ధతిలో ఉక్కు సూది నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఒక కంపెనీ నంబరు మరొక కంపెనీ నంబరుతో కలవదు, రంగురంగుల పెట్టెల్లో వచ్చే సూదులకైతే రెండు వారాల్లో రంగు పెచ్చులూడి దారానికి అంటుకుంటుంది.

నేను మొదట చేసిన పొరపాటును కూడా చెప్పాలి. మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడి చేత విరిగిన ముక్కను టంకంతో అతికించుకున్నాను. చూడడానికి ముచ్చటగానే ఉంది, కానీ పువ్వు అల్లుతుంటే రెండో చుట్టులోనే ఊడిపోయింది, పైగా టంకం వేసేటప్పుడు పూసిన మందు నల్లగా దారానికి అంటింది. తగరం మెత్తని లోహం. దారం లాగినప్పుడల్లా బలం పడేది సరిగ్గా ఆ అతుకు మీదే కాబట్టి అది నిలబడదు. ఫెవిక్విక్ సంగతి అడగనే అడగకండి.

చివరకు పాతబస్తీలో ఒక వృద్ధ కంసాలి దగ్గరకు వెళ్ళాను. ఆయన సూదిని తిప్పి చూసి "అమ్మా, ఇది సూదా, గుబిలి తీసే పుల్లా?" అని అడిగారు. నేను దారం తీసి నాలుగు గొలుసులు అల్లి చూపించేసరికి నవ్వడం మానేసి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. విరిగిన కొసను ఆకురాయితో చదును చేయబోతే ఉక్కు గట్టిగా ఉండి ఆకురాయి జారిపోయింది. అందుకని కొసను ఎర్రగా కాల్చి బూడిదలో గుచ్చి, మెల్లగా చల్లారనిచ్చారు. అప్పుడది మెత్తబడింది. కత్తి అంచులాంటి సన్నని ఆకురాయితో ఏటవాలుగా గాడి కోసి, ముక్కును గుండ్రంగా అరగదీసి, మళ్ళీ కాల్చి కొబ్బరినూనెలో ముంచారు. అలా వదిలేస్తే ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుందని, ఎండుగడ్డి రంగు వచ్చేవరకు సన్నని సెగ మీద మరొకసారి చూపించారు. సూది పొడవు మూడు మిల్లీమీటర్లు తగ్గింది కానీ, కాడ మందం మారలేదు, నాకు కావలసింది అదే.

నునుపు చేసే పని నేనే చేసుకున్నాను, ఆ పనికి కంసాలికి కూడా అల్లేవాళ్ళంత ఓపిక ఉండదు. గాడిలోకి ఉప్పుకాగితం దూరదు. దళసరి దారానికి ఇత్తడి సామాను తోమే పాలిష్ పూసి, దానిని గాడిలో ముందుకూ వెనక్కూ అరగంట లాగాను. తరువాత సూదిని దూదిలో గుచ్చి తీశాను. ఒక్క పోగు పట్టుకున్నా ఎక్కడో గరుకు మిగిలి ఉన్నట్టే, అది లేసును పీచుపీచు చేస్తుంది. నాలుగోసారికి గానీ దూది వదలలేదు.

ఇందులో ఒక నష్టం ఉంది. కాల్చినప్పుడు సూది మీది నికెల్ పూత పోయింది. ఇప్పుడు చేతి చెమటకు అది తుప్పు పడుతుంది, తుప్పు తెల్లదారం మీద మచ్చ అవుతుంది. పని అయిన వెంటనే తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి, మళ్ళీ వాడేముందు ఆ నూనెను పూర్తిగా తుడవాలి. మచ్చ పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి, బ్లీచింగ్ మాత్రం వేయకండి, దానితో తుప్పు మచ్చ ఇంకా ముదురుతుంది.

గొడుగు ఊచతో కొత్త సూది చేసుకోమని కొందరు సలహా ఇస్తారు. వారు గొడుగు ఊచను ఎప్పుడూ దగ్గరగా చూసి ఉండరు. అది ఎక్కువగా మడిచిన రేకు, లోపల గాడి ఉంటుంది, అరగదీస్తే రెండు పెదవులుగా చీలుతుంది. సైకిలు స్పోకు నయం, రెండు మిల్లీమీటర్ల నిండు కమ్మీ కాబట్టి దానిని కావలసినంత సన్నబరచవచ్చు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ఊరి పేరును వేరే సరుకుకు వాడకూడదనే రక్షణ, ఇచ్చారు, సంతోషమే. మిషను లేసును నరసాపురం లేసని అమ్మేవారు దానితో ఆగుతారో లేదో గానీ, అల్లేవారికి మంచి సూది దొరికే దుకాణం మాత్రం నాకు ఇంకా కనబడలేదు.

మీ సూదికి కొక్కెం మాత్రమే విరిగిందని రాశారు. విరిగినచోటు నుంచి పిడి వైపు, ఒకే మందంతో ఉన్న కాడ కనీసం ఒక సెంటీమీటరు మిగిలి ఉంటే కంసాలి దగ్గరకు వెళ్ళండి. కాడ అక్కడి నుంచే లావెక్కుతూ పోతే వెళ్ళినా ప్రయోజనం లేదు. వెళ్ళేటప్పుడు మీరు అల్లుతున్న దారం ఒక మూర, పాత పువ్వు ఒకటి వెంట తీసుకువెళ్ళండి. గాడి ఎంత లోతు కోయాలో ఆయనకు ఆ దారమే చెబుతుంది.