లింకు నొక్కితే పోయింది సరే, అప్పు చేసి మళ్లీ పోగొట్టుకోకండి

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు ఉత్తరం. రెండెకరాల సొంత పొలం. దాళ్వా (రబీ పంట) ధాన్యం డబ్బులు ఖాతాలో పడిన వారానికే ఊరి వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ కేవైసీ ఈ రోజే ఆఖరు’ అని లింకు వచ్చింది. పంపింది తెలిసినవాడే కదా అని నొక్కి, కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చారు. 1,12,000 రూపాయలు పోయాయి. ఆరో రోజున ఫిర్యాదు చేశారు. ఇప్పుడు సార్వా (ఖరీఫ్ పంట) పెట్టుబడికి, అబ్బాయి కాలేజీ ఫీజుకు లక్షన్నర కావాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఒకరు ఇస్తామన్నారట, ఫోన్లో లోన్ యాప్ లింకు కూడా వచ్చిందట. ఏది తీసుకోమంటారు అని అడిగారు.

రెండూ వద్దండీ. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. సార్వా కోతల దాకా ఆరు నెలలకే 27,000 వడ్డీకి పోతుంది. ఇక ఆ రెండో లింకు! ఒక లింకుతో లక్ష పోగొట్టుకున్న మనిషి ఇంకో లింకు నొక్కి అప్పు తెచ్చుకుందామనుకోవడం చూస్తే నాకు కోపమే వస్తోంది.

మీరు పంపిన ఫొటోలో ఆ మొదటి లింకు అడ్రసు చూశాను. ముందు ‘పీఎంకిసాన్ డాట్ జీవోవీ డాట్ ఇన్’ అనే ఉంది, మీ కన్ను అక్కడే ఆగింది. దాని వెనకాల మళ్లీ చుక్క పెట్టి ఇంకేదో పేరు, చివర ‘డాట్ ఎక్స్‌వైజెడ్’ ఉన్నాయి. వెబ్ అడ్రసు ఉత్తరం మీద చిరునామా లాంటిదే, ఊరు చివర్లో వస్తుంది. మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. సైటు ఎవరిదో అక్కడే తెలుస్తుంది. ఇంటికి ‘అమలాపురం నిలయం’ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఊరు అమలాపురం అవుతుందా? తాళం గుర్తు చూసి నమ్మానన్నారు. మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని చెప్పడానికే అది. అవతల ఉన్నది దొంగ అయినా ఆ గుర్తు కనిపిస్తుంది. బ్యాంకులైతే 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కాబట్టి అక్కడా చివరే చూడండి. ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు ఎవరు పంపినా తెరవొద్దు.

అసలు తప్పు లింకు నొక్కడం కాదంటాను. ఎవరైనా ఏదో ఒక రోజు నొక్కుతారు, నేనూ ఒకసారి నొక్కబోయి ఆగాను. ఇంటి ఖర్చు నెలకు 18,000 అని రాశారు. ఆరు నెలలకు 1,08,000. అంటే అత్యవసర నిధికి సరిపడా డబ్బు మీ దగ్గర ఉండేది, కానీ ఫోన్‌పే ఉన్న ఖాతాలోనే ఉండేది. చెరువంతటికీ ఒకటే తూము పెట్టి, దాని తాళం జేబులో ఫోన్లో పెట్టుకు తిరిగారు. ఈ డెల్టాలో నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామందిది ఇదే పద్ధతి. అత్యవసర నిధి వేరే బ్యాంకులో ఉండాలి. దానికి యూపీఐ వద్దు, నెట్ బ్యాంకింగ్ వద్దు, ఏటీఎం కార్డు కూడా వద్దు. కావాలంటే పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లాలి. ఆ కష్టమే దానికి కాపలా. రోజువారీ ఖాతాలో పది వేలు మించనివ్వకండి.

పెట్టుబడికి సొసైటీలోనో బ్యాంకులోనో కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. పంట రుణం 7 శాతానికి వస్తుంది, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. ఫీజుకు చాలకపోతే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి. చీటీ తొందరపడి పాడకండి.

పోయిన డబ్బు మాటకొస్తే, ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకుకు చెప్పేలోపు జరిగిన నష్టం మీదే. చెప్పిన తర్వాత కూడా పోతే బ్యాంకు భరించాలి. అందుకే ఆరు రోజులు ఆగడం నన్ను బాధించింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఆ గంటలోనే ఫోన్ చేస్తే డబ్బు దొంగ ఖాతా దాటకముందే ఆపే అవకాశం ఉండేది. అయినా ఫిర్యాదు నంబరు, బ్యాంకుకు ఇచ్చిన లేఖ నకలు పారేయకండి.

కొత్త ఖాతా ఈ వారమే తెరవండి. సార్వా డబ్బు పడిన రోజే 20,000 అందులో వేసి, పాస్‌బుక్ మీ ఆవిడ చేతికివ్వండి.