సిలికాని కర్తగా పెట్టి రాయి

తమ్ముడికి,

ఉత్ప్రేరకాల మీద, అంటే తాము ఖర్చవకుండా రసాయన చర్యని వేగంగా నడిపించే పదార్థాల మీద, నువ్వు రాసిన వ్యాసం అందింది. ఎత్తుగడ బాగుంది. మూడో పేరాలో మాత్రం "సిలికా అనేది లోహం కూర్చునే పీట మాత్రమే" అన్నావు, ఇసుకలో ఉండే ఆ సిలికానే. ఆ "మాత్రమే" చూసి ఒళ్ళు మండింది, అందుకే ఈ ఉత్తరం.

సిలికా పైన హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు. వాక్యూమ్‌లో 700 డిగ్రీల దాకా వేడిచేస్తే పక్కపక్కన ఉన్నవి నీరై పోతాయి. ఒంటరివి, చదరపు నానోమీటరుకి సుమారు ఒకటి, మిగులుతాయి. ఇప్పుడు జిర్కోనియం ఆల్కైల్ కాంప్లెక్స్ కలుపు, అంటే జిర్కోనియం లోహానికి ఆల్కైళ్ళనే కార్బన్-హైడ్రోజన్ ముక్కలు తగిలించిన పదార్థం. హైడ్రాక్సిల్‌లోని హైడ్రోజన్ ఒక ఆల్కైల్‌ని వెంటబెట్టుకుని ఆల్కేన్‌గా వెళ్ళిపోతుంది, జిర్కోనియం ఆక్సిజన్‌కి అతుక్కుంటుంది. అంటే ఉపరితలమే ఒక లైగాండ్, లోహాన్ని పట్టుకుని దాని నడతని మార్చే భాగం, అయింది! అదే కాంప్లెక్స్‌ని వేడిచేసిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద పెడితే, అక్కడి అల్యూమినియం ఒక ఆల్కైల్‌ని లాక్కుని లోహానికి ధనావేశం తెప్పించగలదు. ఇథిలీన్‌ని గొలుసుకట్టి పాలిథిలీన్ ప్లాస్టిక్ చేయడంలో అప్పుడు చూడాలి దాని జోరు. లోహం అదే, కింద ఉన్నది మారిందంతే.

ఒకప్పుడు నేనిదే రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు సిలికా, అల్యూమినా లాంటి ఆక్సైడ్ల భాగమంతా కొట్టేసి "లోహపు ఇంద్రజాలం" అని శీర్షిక పెట్టాడు. పారితోషికంలోనూ కోత పెట్టాడు. అద్దె కట్టాల్సిన నెల అది, ఇంటి ఓనరుకి ఇంద్రజాలం చూపించలేను కదా. ఇప్పటి వాళ్ళూ అంతే, ఏం రాసినా "మ్యాజిక్" అంటారు.

1951లో ఓక్లహోమాలోని ఫిలిప్స్ పెట్రోలియంలో హోగన్, బ్యాంక్స్ పెట్రోలుకి పనికొచ్చే ద్రవం కోసం వెతుకుతుంటే గట్టి ప్లాస్టిక్ దొరికింది. నువ్వు ఆ కథంతా వాళ్ళ ఉత్ప్రేరకంలోని క్రోమియం మీద నడిపావు. క్రోమియం ట్రయాక్సైడ్‌ని విడిగా వేడిచేస్తే 250 డిగ్రీల ప్రాంతంలోనే ఆక్సిజన్ వదిలేస్తుంది. సిలికాకి అతుక్కున్నాక 800 డిగ్రీల్లో కూడా చాలావరకు ఆరో ఆక్సీకరణ స్థితిలోనే, అంటే ట్రయాక్సైడ్‌లో ఉన్న స్థితిలోనే, నిలుస్తుంది. నిలబెట్టింది ఎవరు? ఆ వాక్యానికి సిలికాని కర్తగా పెట్టు. పాలిథిలీన్‌ని తయారుచేసేది అందులో ఏ రూపంలోని క్రోమియమో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. అదీ చెప్పు, పాఠకుడు భయపడడు.

నీ పుస్తకం అచ్చు సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో పేరా తిరగరాసి పంపు. సిలికాని ఎంత వేడిచేశారో తప్పక రాయి. 200 డిగ్రీల దగ్గర ఆపితే హైడ్రాక్సిళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, లోహం రెండు ఆక్సిజన్లకి అతుక్కోవచ్చు. అప్పుడది వేరే ఉత్ప్రేరకం.