మోకాళ్ళు, చెవులు, గ్రీన్ డే

చిన్నారీ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ముంబైలో మన పంక్ రాక్ బ్యాండ్ గ్రీన్ డే కచేరీ చూసొచ్చిన సంబరం ఒక్క నిమిషం. మిగతా ఆరు నిమిషాలూ మోకాళ్ళ నొప్పులు, ఆఫీసులో వాళ్ళ వెటకారం, "34 ఏళ్ళొచ్చాయి, ఇంకా ఇదేంటి" అని మీ ఆయన అన్న మాట, గిటార్ అమ్మేద్దామా అనే ఆలోచన.

గిటార్ అమ్మకు. ముందు ఆ మాట అయిపోతే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నీకీ పాటల పిచ్చి అంటించింది నేనే కాబట్టి ఇందులో నా బాధ్యతా ఉంది. 2004 డిసెంబర్‌లో నేను గుంటూరు వచ్చినప్పుడు, కొత్తగా వచ్చిన గ్రీన్ డే ఆల్బమ్ అమెరికన్ ఇడియట్ సీడీ నా సూట్‌కేసులో ఉంది. నీకు 13 ఏళ్ళు. డాబా మీద గుమ్మడి వడియాలకు కాపలా పెడితే, నువ్వు నా డిస్క్‌మన్ చెవులకు తగిలించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నావు. కాకులు తిన్నంత తిని పోయాయి. ఆ రోజు అక్క నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. వడియాల కోసం తిట్టిందా, సీడీ కోసం తిట్టిందా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

నాకెలా అంటిందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 1999లో పెళ్ళయి న్యూజెర్సీ వచ్చాను. నాకు 23. హెచ్4 వీసా, ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. బాబాయి పొద్దున వెళ్తే మళ్ళీ రాత్రికే రావడం. అపార్ట్‌మెంట్లో నేనూ, టీవీ. ఆ వేసవిలోనే బ్లింక్-182 అనే బ్యాండ్ పాట ఒకటి ఎంటీవీలో తెగ వచ్చేది. 23 ఏళ్ళొచ్చినా కుర్రచేష్టలు మానని ఒకడి గోల అది. అదే 23 ఏళ్ళకి నేను పెద్దమనిషినైపోయి, చారులో ఉప్పు సరిపోయిందా లేదా అని దిగులుపడుతున్నాను. ముగ్గురు కుర్రాళ్ళు పెద్దవ్వమని మొండికేస్తుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత కుళ్ళొచ్చింది. ఆ తర్వాత వాళ్ళు టీవీలో కనపడితే చాలు, స్టవ్ ఆపేసి వచ్చేదాన్ని.

అంటే నేను దీంట్లోకి వచ్చిందే ఆలస్యంగా. కాలేజీ రోజులు గుర్తు చేసుకోవడానికి నేనీ పాటలు వినలేదు, నా కాలేజీ రోజుల్లో ఇవి లేనేలేవు. బహుశా అందుకే "ఈ వయసులో ఏంటి" అన్న మాట నాకు అంతగా తగల్లేదు. నీకు తగులుతోందంటే, ఆ పాటలు వినాలంటే 17 ఏళ్ళ దానివై ఉండాలని నువ్వు కూడా ఎక్కడో నమ్ముతున్నావన్నమాట. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళూ నీ మోకాళ్ళు నిన్ను ఓడిస్తూనే ఉంటాయి.

నేనూ ఒకసారి అలాగే ఓడిపోయాను. వార్ప్‌డ్ టూర్ గురించి చెప్పాగా, 1995లో మొదలై 2018 దాకా ప్రతి వేసవీ ఊరూరా తిరిగిన జాతర. పెద్ద పార్కింగ్ స్థలం, ఎక్కడా నీడ ఉండదు, పొద్దుట్నుంచి డజన్ల కొద్దీ బ్యాండ్లు. ఎవరు ఎన్నింటికి వాయిస్తారో ఆ రోజు అక్కడ, గాలి నింపిన పెద్ద బోర్డు మీద పెడితేగానీ తెలియదు. 2014లో, 38 ఏళ్ళ వయసులో, ఆ బోర్డు ముందు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాను. ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చి, "మేడమ్, పేరెంట్స్ టెంట్ అటు" అని చెయ్యి చూపించాడు.

పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మానాన్నలు కూర్చోవడానికి అక్కడ ఏసీ టెంట్ ఉండేది. దాని పేరు రివర్స్ డే కేర్. పిల్లలు పెద్దవాళ్ళని అందులో దింపి వెళ్తారన్నమాట! నా కూతురేమో ఇంట్లో బాబాయి దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నేను సొంతంగా టికెట్ కొనుక్కుని వచ్చినదాన్ని. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద పంతమో తెలీదు, ఇంకో గంట ఆ ఎండలోనే నిలబడ్డాను. కళ్ళు తిరిగాయి. చివరికి ఆ టెంట్లోకే వెళ్ళి కూలబడ్డాను. పక్కన ఊలు అల్లుకుంటున్న ఒకావిడ ఏమీ అడక్కుండా నీళ్ళ సీసా చేతికిచ్చింది. ఇరవై నిమిషాల తర్వాత లేచి వెళ్ళి నాక్కావలసిన బ్యాండ్‌ని మొదట్నుంచి చివరిదాకా చూశాను. పంతానికి పోకుండా ముందే కూర్చుని ఉంటే ఇంకో బ్యాండ్ కూడా దక్కేది.

నువ్వు ముంబైలో చేసిందీ అదే. ముందు వరుస కోసం మధ్యాహ్నం నుంచీ నిలబడ్డావు, అసలు కచేరీ మొదలయ్యేసరికి ఒంట్లో ఓపిక లేదు. గ్రీన్ డే పాటగాడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి 50 ఏళ్ళు దాటాయి. ఆయన మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నాడనుకున్నావా? ఈసారి దొరికిన చోట కూర్చో. సౌండ్ ఇంజినీర్ బల్ల ఉంటుంది చూడు, దాని వెనకాల నిలబడు. ఆ మనిషి అక్కడ తన చెవికి ఎలా వినపడుతోందో దాన్నిబట్టే శబ్దం సరిచేస్తాడు కాబట్టి బాగా వినపడేదీ అక్కడే. తోపులాట ఉండదు. చెప్పులొద్దు, పాతబడిన బూట్లు వేసుకో.

చెవుల విషయంలో మాత్రం వేళాకోళం లేదు. 2002లో ఒక చిన్న హాల్లో స్పీకర్ పక్కనే రెండు గంటలు నిలబడ్డాను. రెండు రోజులు చెవులు గుయ్‌మన్నాయి. కుడి చెవి తేరుకుంది. ఎడమ చెవిలో ఇప్పటికీ, ఇల్లంతా నిద్రపోయాక, కుక్కర్ విజిల్ రాబోయే ముందు వచ్చే సన్నటి కూత వినిపిస్తుంది. ఆ విజిల్ మాత్రం ఎప్పటికీ రాదు. లెక్క ఇదీ: 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకు మించి ఉండకూడదంటారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమైపోతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఇలాంటి కచేరీల్లో 100 దాటడం మామూలే.

అందుకే చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. నురుగువి వాడితే వేళ్ళ మధ్య సన్నగా వత్తిలా చుట్టు. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకో. జనం సగానికి సగం ఊరికే చెవి మొదట్లో కుక్కుకుని ఏమీ పనిచేయట్లేదంటారు. సంగీతం వినేవాళ్ళ కోసం ఫిల్టర్ ఉన్నవి కూడా దొరుకుతాయి, వాటితో మాటలు స్పష్టంగా వినపడతాయి. బుజ్జిగాణ్ణి ఎప్పుడైనా తీసుకెళ్తే పిల్లల ఇయర్‌మఫ్స్ లేకుండా గేటు దాటకు.

ఇంకోటి అడిగావు, పాత పాటలు కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉందని. ఉంటుంది. వదిలేసి వెళ్ళిన అమ్మాయిని తిట్టిపోయడం ఈ సంగీతంలో మామూలు జబ్బు. నేనూ అప్పట్లో ఆ కుర్రాళ్ళ పక్షానే నిలబడి గొంతు చించుకున్నాను. ఇప్పుడు కూతురు పక్క సీట్లో ఉంటే చెయ్యి దానంతటదే బటన్ మీదికి పోతుంది. పారామోర్ బ్యాండ్‌లో పాడే హేలీ విలియమ్స్‌ని చూడు. 17 ఏళ్ళప్పుడు ఇంకో అమ్మాయిని తిడుతూ రాసిన పాటే వాళ్ళకి పేరు తెచ్చింది. 2018లో ఇక దాన్ని పాడనని పక్కన పెట్టేసింది, 2022లో మళ్ళీ పాడింది. రాసినావిడే ఇంత తర్జనభర్జన పడింది, నువ్వు ఒక పాట దాటేస్తే ఏమవుతుంది?

పాతవే పట్టుకుని వేలాడకు కూడా. 2021లో లాస్ ఏంజెలెస్ లైబ్రరీలో పాడి పేరు తెచ్చుకున్న లిండా లిండాస్ అని ఆడపిల్లల బ్యాండ్ ఉంది. అప్పుడు డ్రమ్మర్ వయసు 10. 2024 ఆగస్టులో న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్ అనే స్టేడియంలో గ్రీన్ డేకి ముందు వాళ్ళు వాయించారు. జనం ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నారు, నేనూ నా కూతురూ మాత్రం పై అంతస్తులో మా సీట్లలో ఉన్నాం. తను ఫోన్ పక్కన పెట్టింది ఆ కాసేపే. గ్రీన్ డే వచ్చాక మళ్ళీ తీసిందిలే. ఇష్టం లేకపోతే బలవంతం చేయకు, మన పిచ్చి మన వరకే.

ఇక అక్క. "చదువుకున్నవాళ్ళు వినే పాటలా ఇవి" అంటే ఈ రెండు పేర్లు చెప్పు. డిసెండెంట్స్ బ్యాండ్ పాటగాడు మైలో ఆకర్‌మన్ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ, ఏళ్ళ తరబడి డుపాంట్ అనే రసాయనాల కంపెనీలో పరిశోధకుడు. ఆయన కాలేజీకి వెళ్ళిపోతున్నాడనే 1982లో వాళ్ళ ఆల్బమ్‌కి "మైలో గోస్ టు కాలేజ్" అని పేరు పెట్టారు. ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండ్ పాటగాడు డెక్స్‌టర్ హాలండ్ 2017లో, 50 దాటాక, మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. పీహెచ్‌డీ అన్న మాట వింటే అక్క కాఫీ పెట్టడానికి లేస్తుంది, నాకు తెలుసు.

మీ ఆయన్ని కచేరీకి లాక్కెళ్ళకు. బాబాయి ఇన్నేళ్ళలో ఒక్కసారే వచ్చి, కార్లో పడుకున్నాడు. నా మొదటి వార్ప్‌డ్ టూర్ టీషర్ట్‌తో ఆ కారే తుడిచాడు కూడా. ఆ వారమంతా మా ఇంట్లో పచ్చడి మెతుకులే.

జూన్‌లో వస్తున్నాను. ఫిల్టర్ ప్లగ్స్ రెండు జతలు తెస్తా, నీ చెవులవి సన్న రంధ్రాలు కాబట్టి చిన్న సైజువి. గిటార్ తీగలు తుప్పు పట్టాయన్నావు, కొత్త సెట్ కొనిపెట్టు. నేనొచ్చాక డాబా మీద కూర్చుని మారుద్దాం.

పిన్ని