ఇంగ్లిష్ తరహా తోట దానంతటదే పెరిగిందా, ఎవరైనా తీర్చిదిద్దిందా?

చూడ్డానికి సహజంగా ఉంటుంది కానీ, పూర్తిగా మనిషి అమర్చిందే. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్ తోటనే తీసుకోండి. 1740లలో హెన్రీ హోర్ అనే బ్యాంకర్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి చెరువు కూడా లోయకు కట్ట వేయించి నింపిందే! వంతెన దగ్గర నిలబడితే నీళ్లకు అవతల చెట్ల మధ్య పాంథియన్ అనే గుడిలాంటి కట్టడం కనిపిస్తుంది. గట్టు వెంట నడుస్తుంటే చెట్ల చాటున మాయమై, మలుపు తిరగ్గానే మళ్లీ ఎదురవుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అంతకుముందు ఫ్రెంచ్ పద్ధతిలో గీత గీసినట్టు తిన్నటి బాటలు, కత్తిరించిన పొదలు ఉండేవి. 18వ శతాబ్దంలో ఆ మోజు తగ్గింది.

ఇంకో ఉపాయం 'హా-హా'. కంచెకు బదులు కందకం తవ్వి, తోట వైపు నిటారుగా గోడ కట్టి, అవతలి వైపు ఏటవాలుగా వదిలేస్తారు. గొర్రెలు లోపలికి రాలేవు. ఇంట్లోంచి చూస్తే మాత్రం పచ్చిక ఎక్కడా తెగకుండా పొలాల దాకా సాగినట్టే ఉంటుంది.