స్టార్లు అంటించే ముందు ఈ ఉత్తరం చదువు

తల్లీ,

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి కిందిభాగంలోనే చిన్నపిల్లల బడి పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చిత్తూరులో మా వీధంతా చెప్పుకున్నాను. కానీ బొమ్మను పక్కవాళ్లకు ఇచ్చిన పిల్లకు చార్టులో స్టార్ అంటిస్తావట! అంత చదువుకున్నదానివి, ఆ స్టార్ల పిచ్చి నీకెందుకే?

ఆటవస్తువులు రెండేసి కొను. రెండేళ్లవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు, పంచుకోమని వేధించకు. వంతు అనేది మూడు దాటాక మెల్లగా అర్థమవుతుంది.

నేను అంగన్‌వాడీలో ఉన్న రోజుల్లో పక్క ఊరి కేంద్రంలో ఒక టీచరమ్మ ఉండేది. ఎవరు ఏడ్చినా, ఏడవని పిల్ల చేతిలోది తీసి వాళ్లకు ఇచ్చేది. అక్కడొక నెమ్మదైన పాప, నాలుగేళ్లుంటాయి. బండి అడిగితే బండి, బలపం అడిగితే బలపం ఇచ్చేసేది. బంగారు తల్లి అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఒకసారి నేను వెళ్లినప్పుడు చూశాను, మధ్యాహ్నం పెట్టిన గుడ్డును గౌను మడతలో దాచుకుని గోడవైపు తిరిగి తింటోంది. ఆ గుడ్డును ఎవరూ అడగలేదమ్మా. అయినా లాక్కుంటారని భయం. ఇంట్లోనూ 'తమ్ముడికి ఇచ్చెయ్, ఆడపిల్లవి కదా' అనే మాటే. ఇవ్వడం ఆ బిడ్డకు బాగా వచ్చు. ఇచ్చింది మళ్లీ తన చేతికొస్తుందని మాత్రం ఎవరూ చూపించలేదు. నీ స్టారూ ఇచ్చినవాళ్లకే. మరి తీసుకున్నవాడు ఏం నేర్చుకుంటాడు?

అందుకే బండితో ఆడుకుంటున్న పిల్ల చేతిలోంచి లాక్కోకు. "మూడు చుట్లు తిరిగాక వాడికిస్తావా?" అని అడిగి, ఎదురుచూసేవాడి చేతే చుట్లు లెక్కపెట్టించు. ఆ తర్వాత బండి ఆ పిల్లకు తిరిగొచ్చేదాకా దగ్గరుండి చూడు. ఇదొక్కటీ మర్చిపోకు.

శ్రావణమాసంలో నానబెట్టిన శనగలతో వాయనం ఆట ఆడించు. ఒకరు "ఇస్తినమ్మ వాయనం", ఇంకొకరు "పుచ్చుకొంటినమ్మ వాయనం". తర్వాత వంతు మార్చాలి. మగపిల్లల్నీ కూర్చోబెట్టు, వాళ్లకే ఎక్కువ అవసరం. కొండ నుంచి లడ్డూ వస్తే పిల్లల చేతే గిన్నెలో పెట్టి పక్కింటికి పంపు. ఆ గిన్నెలో వాళ్లు ఏదైనా వేసి పంపిన రోజు, మూత పిల్లల చేతే తీయించు.

సంపు మూతకు తాళం వేయించావా? అన్నిటికంటే ముందు ఆ పని చెయ్. నాకు రాత్రుళ్లు అదే టెన్షన్.

గంగమ్మ జాతరకు వస్తాను. పాత చీరలతో గుడ్డబొమ్మలు జతలుజతలుగా కుట్టిపెడతా. కళ్లు సరిగా ఆనడం లేదు, సూదుల్లో దారం నువ్వు ఎక్కించాలి.

మీ అవ్వ