యాంగ్జైటీ వల్ల ఉద్యోగం రావట్లేదా, ఉద్యోగం లేక యాంగ్జైటీ వచ్చిందా?

ఉద్యోగం లేదు, యాంగ్జైటీ (అదుపులేని ఆందోళన) ఉంది, ఈ రెండింట్లో ముందు దేని సంగతి చూడాలని మీలో ఒకరు అడిగారు. నాకు రెండూ కలిసే వచ్చాయి, తగ్గినప్పుడూ కలిసే తగ్గాయి.

మాది విశాఖపట్నంలో గాజువాక. 2018లో నేను పనిచేసే కంపెనీలో మనుషుల్ని తగ్గించారు, అందులో నేనూ ఉన్నాను. రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు రుషికొండలో ఇంటర్వ్యూ ఉందని బస్సెక్కితే, మద్దిలపాలెం వచ్చేసరికి గుండెదడ, చెమటలు, ఊపిరి ఆడలేదు. దిగిపోయాను. దిగగానే ప్రాణం లేచొచ్చింది. నా కొంప ముంచింది ఆ హాయే. తప్పించుకుంటే భయం తగ్గుతుందని మనసు ఒకసారి నేర్చుకుందంటే ఇక వదలదు. తర్వాతి ఇంటర్వ్యూకి ఇల్లే కదల్లేదు. ఆపైన తెలియని నంబరు మోగితే ఫోనే ఎత్తలేదు. ఇంకోసారి ఇంటర్వ్యూకని బయల్దేరినా బీచ్‌లో సాయంత్రం దాకా కూర్చుని, ఇంటికొచ్చి "బాగానే చేశానమ్మా" అనేవాణ్ణి. నెలలు గడిచేకొద్దీ "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని అడుగుతారన్న టెన్షన్ ఇంకా పెరిగింది.

గుండె జబ్బేమోనని ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించాను. రెండూ నార్మల్. ఆ డాక్టరుగారే సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరెత్తితే మా వాళ్లు భయపడ్డారు. తీరా వెళ్తే, అక్కడ ఓపీలో నా పక్కన కూర్చున్నది ఒక డిగ్రీ కుర్రాడు, ఒక టీచరుగారు, అందరూ మనలాంటివాళ్లే.

అక్కడ మాత్రలు రాసిచ్చారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి. మాత్రలతో పాటు కౌన్సెలింగ్‌లో నాకిచ్చిన పని ఒకటే: ఇంటర్వ్యూ లేని రోజున ఉత్తినే రుషికొండ దాకా వెళ్లి రావాలి, దడ వచ్చినా బస్సు దిగకూడదు. మొదటిసారి మద్దిలపాలెంలో సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. హనుమంతవాక దాటాక దడ దానంతట అదే తగ్గింది. అప్పుడు ఏడుపొచ్చింది.

భయం పూర్తిగా పోయాకే ఉద్యోగం వెతుకుదామని మాత్రం ఆగకండి. అలా ఆగే నాకు ఏడాది పోయింది. చివరికి పూర్ణా మార్కెట్‌లో తెలిసినవాళ్ల దుకాణంలో పూటపని లెక్కలు రాయడంతో మొదలుపెట్టాను. జీతం తక్కువే, కానీ పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు దొరికింది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఇంటర్వ్యూకి కూడా దడతోనే వెళ్లాను.

ఆసుపత్రికి వెళ్లడానికి జంకుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఈరోజే చేయండి.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పారా? నేను మా అక్కకి చెప్పాను. మొదటిరోజు ఆసుపత్రికి నాతో వచ్చింది తనే.